నాన్న 3310లో మధ్యమావతి: ఒక రింగ్‌టోన్ ప్రాజెక్టు డైరీ

దసరా సెలవులు, తెనాలి

నాన్నకు స్మార్ట్‌ఫోన్ ఉంది. వాట్సాప్ చూసుకుంటారు, యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటారు. పొలానికో, రైతుబజారుకో వెళ్ళేటప్పుడు మాత్రం దాన్ని ఇంట్లో వదిలేసి పాత నోకియా 3310 జేబులో వేసుకోవాలని ఆయన కోరిక. కింద పడ్డా టెన్షన్ ఉండదు, చెమట చేత్తో నొక్కినా మీట పలుకుతుంది. బీరువా అడుగున, పాత పాస్‌బుక్కుల కింద దొరికింది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచింది గానీ, ఫోన్‌కి ఏమీ కాలేదు.

రింగ్‌టోన్ మాట ఆయనే ఎత్తారు. "దీంట్లో ఉండే ఆ నోకియా ట్యూన్ వద్దమ్మా. మా ఆఫీసులో ఒక్కడి ఫోన్ మోగితే పదిమందిమి జేబులు తడుముకునేవాళ్ళం. ఈసారైనా మనది మనకు తెలిసేలా ఏదైనా పెట్టు."

"ఏం పెట్టమంటారు నాన్నా?"

"మీ నాన్నమ్మ పాడే హారతి ఉంది కదా, అది."

నాన్నమ్మ ఇప్పుడు లేరు. శుక్రవారం దీపం పెట్టాక ఆ హారతి పాడటం మా మేనత్తకు సంక్రమించింది. ఎవరు కట్టిన వరసో మాలో ఎవరికీ తెలియదు, ఏ క్యాసెట్లోనూ లేదు. అంటే ఎక్కడి నుంచీ డౌన్‌లోడ్ చేసుకునే దారి లేదు, మనం తయారు చేసుకోవాల్సిందే. ఎంపీత్రీ కోసి ఎక్కిద్దామన్నా 3310కి ఎంపీత్రీ అంటే తెలియదు. బ్లూటూత్ లేదు, ఇన్‌ఫ్రారెడ్ లేదు, మెమరీ కార్డు లేదు. ఒక బజర్ ఉంటుంది, అది ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. దానితో పాటు టోన్స్ మెనూలో కంపోజర్ అని ఒకటి ఉంది. మన ప్రాజెక్టంతా అందులోనే.

హైదరాబాద్, ముందు ఫోన్ లేవాలి

తిరిగి వచ్చాక అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కి వెళ్ళాను. బీఎల్‌సీ-2 బ్యాటరీ అడిగితే మొదటి రెండు కొట్లవాళ్ళు నవ్వారు, మూడో ఆయన డబ్బా తీసి వెతికి ఇచ్చాడు. కంపెనీది కాదు, డూప్లికేటే. ఇంట్లో ఎవరూ వాడని లావు పిన్ను చార్జర్ ఒకటి మిగిలి ఉంది, పెట్టగానే తెర మీద గీతలు కదిలాయి.

సిమ్ విషయంలో కొంచెం చూసుకోవాలి. 3310కి 2జీ తప్ప ఇంకేదీ తెలియదు. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు కాబట్టి ఆ సిమ్ ఇందులో వేసి లాభం లేదు. నాన్న దగ్గర పాత బీఎస్ఎన్ఎల్ నంబరు ఇంకా బతికే ఉంది. నానో సిమ్‌ని అడాప్టర్‌లో పెట్టి తోసేముందు వెనకవైపు పల్చటి టేపు ముక్క అంటించాను. లేకపోతే అడాప్టర్ అంచు ఫోన్ లోపలి పిన్నులకు తగులుకుని, బయటికి లాగేటప్పుడు వాటిని వంచేస్తుంది.

ఫోన్ లేచింది. రెండు చేతులు కలిసే తెర, పాము ఆట, అన్నీ భద్రంగా ఉన్నాయి.

అదే వారం, కంపోజర్‌తో పరిచయం

కంపోజర్‌లో 1 నుంచి 7 దాకా మీటలు ఏడు స్వరాలు. పాశ్చాత్యులు 'డో రే మీ' అనేవి వరసగా. సున్నా నొక్కితే విరామం. 8 నొక్కితే స్వరం నిడివి సగమవుతుంది, 9 నొక్కితే రెట్టింపవుతుంది. మీటను కాసేపు పట్టి ఉంచితే పక్కన చుక్క చేరి నిడివి ఒకటిన్నర రెట్లవుతుంది. హాష్ గుర్తు స్వరాన్ని అర మెట్టు పెంచుతుంది. నక్షత్రం గుర్తు స్థాయి మారుస్తుంది. మొత్తం మూడు స్థాయిలు, ఒకటి తర్వాత ఒకటి చుట్టూ తిరుగుతాయి. ఒక టోన్‌కి 50 స్వరాలు మించకూడదు.

చిన్నప్పుడు నాలుగేళ్ళు సంగీతం క్లాసుకి వెళ్ళినదాన్ని కాబట్టి ముందు చేసిన పని 1 2 3 4 5 6 7 నొక్కి వినడం. తిన్నగా శంకరాభరణం ఆరోహణ వచ్చేసింది. తర్వాత 1 2 3 5 6. మోహన! హాష్ గుర్తు జోలికే వెళ్ళక్కర్లేదు. 1 2 3 5 7 నొక్కితే హంసధ్వని. సరళీ వరసలు నేర్పే మాయామాళవగౌళకు మాత్రం శుద్ధ రిషభానికీ, శుద్ధ ధైవతానికీ రెండు హాష్‌లు కావాలి. ఆ సాయంత్రం ప్రాజెక్టు పని ఏమీ జరగలేదు, రాగాలు నొక్కుకుంటూ కూర్చున్నాను.

2000లో వచ్చిన ఫోన్ ఇది. ఆ తర్వాత కొన్నేళ్ళు ఈ మీటల వరసలే వారపత్రికల మూలల్లో, బస్టాండు కొట్లలో అమ్మే పల్చటి పుస్తకాల్లో అచ్చయ్యేవి. సినిమా పాట పేరు, దాని కింద అంకెల చిట్టా, చివర టెంపో, అంటే వేగం. మా కాలేజీలో ఒకళ్ళు చదువుతుంటే ఇంకొకళ్ళు నొక్కేవాళ్ళు. ఆ చిట్టాలు ఎవరు రాసేవారో గానీ, వాళ్ళకు స్వరజ్ఞానం గట్టిగా ఉండి ఉండాలి. ఇప్పుడు ఆ పని మొదలుపెట్టాక నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది.

ఆదివారం, అత్తయ్యతో ఫోన్లో

అత్తయ్యను హారతి పాడమని రికార్డు చేసుకున్నాను. గుంటూరు నుంచి ఫోన్లో పాడింది, వెనక కుక్కర్ విజిల్ కూడా వచ్చింది. "రింగ్‌టోనా? హారతిని ఎవరైనా మధ్యలో కట్ చేసి ఫోన్ ఎత్తుతారటే?" అని మొదట ఒప్పుకోలేదు. నాన్న అడిగారంటే సరేనంది.

రాగం మధ్యమావతి. మంగళానికీ హారతికీ మనవాళ్ళు తరచూ వాడే రాగమే. స రి మ ప ని, ఐదు స్వరాలు. స ను 1 మీట మీద పెడితే రి 2, మ 4, ప 5, ని కి మాత్రం 6 కొట్టి హాష్. ఒక్క హాషే కదా అనిపిస్తుంది గానీ, ఈ హారతిలో నిషాదం మాటిమాటికీ వస్తుంది. ప్రతిసారీ ఒక నొక్కు ఎక్కువ.

ఇక్కడ సంగీతం క్లాసు మళ్ళీ పనికొచ్చింది. మోహన రాగంలో రిషభాన్ని స గా తీసుకుంటే వచ్చేది మధ్యమావతే. ఇలా స ను వేరే స్వరం మీదికి జరిపి ఇంకో రాగం రాబట్టడాన్ని గ్రహభేదం అని పాఠంలో చెప్పినప్పుడు పరీక్ష కోసం బట్టీపట్టాను, దానితో పనిబడటం ఇదే మొదలు. స ను 2 మీద పెట్టాను. అప్పుడు రి 3, మ 5, ప 6, ని పైస్థాయి 1. హాష్ మాయం. నిజానికి స ను 5 మీద పెట్టినా (5 6 1 2 4), 6 మీద పెట్టినా (6 7 2 3 5) హాష్ రాదు. కానీ 5 మీద పెడితే రి నుంచి మ కి వెళ్ళేటప్పుడే స్థాయి దాటాలి, 6 మీద పెడితే స రి లు దాటగానే దాటాలి. ఈ వరస ఎక్కువగా స కీ ప కీ మధ్య తిరుగుతుంది. 2 మీద పెడితే అదంతా ఒకే స్థాయిలో సర్దుకుంటుంది, నిషాదానికి ఎక్కినప్పుడే నక్షత్రం. మంద్ర నిషాదం, అంటే స కి కిందుండే ని, అదే స్థాయిలో 1. ఇంతకన్నా సుఖం ఏముంది.

సోమవారం రాత్రి, కాగితం మీద

నడక తిశ్రం, అంటే దెబ్బకు మూడు. ఫోన్‌లో స్వరాన్ని సగం చేయొచ్చు, రెట్టింపు చేయొచ్చు, చుక్క పెట్టొచ్చు. మూడు సమభాగాలు చేయడం మాత్రం దానికి రాదు. అందుకని ఎనిమిదో భాగపు స్వరాన్ని ఒక మాత్ర అనుకున్నాను. మూడు మాత్రలు ఒక దెబ్బ. రెండు మాత్రల దీర్ఘానికి నాలుగో భాగపు స్వరం, స్వరాన్ని మూడు మాత్రలు నిలిపే కార్వైకి అదే చుక్కతో. తిశ్రం చక్కగా కూర్చుంది.

అత్తయ్య పాడేదాంట్లో సంగతులన్నీ, అంటే మెలికలన్నీ తీసేసి, ఎముకల గూడు మాత్రం రాసుకున్నాను.

పల్లవి: రీ మ పా ప, ని ప మ రీ, రీ మ రి స ని, సా రి సా.
మీటలు: 3 5 6 6, 1 6 5 3, 3 5 3 2 1, 2 3 2.

అనుపల్లవి: పా ని సా స, రి స ని పా, నీ ప మ రి మ, రీ స సా.
మీటలు: 6 1 2 2, 3 2 1 6, 1 6 5 3 5, 3 2 2.

పల్లవిలో రెండో వరస మొదట్లో వచ్చే 1 పైస్థాయి నిషాదం, మూడో వరస చివరి 1 మంద్ర నిషాదం. అనుపల్లవిలో 1 ఎక్కడ కనిపించినా పైస్థాయే. మొదటి వరసలో దాని పక్కనున్న రెండు 2లూ, రెండో వరసలో వచ్చే 3, 2లూ పైస్థాయివే.

లెక్కేస్తే పల్లవి 16 స్వరాలు, అనుపల్లవి 16. పల్లవి రెండుసార్లు పాడి అనుపల్లవి ఎత్తుకుంటే 48. యాభైలో రెండు మిగిలాయి. విరామం కూడా ఒక స్వరం కిందే లెక్క కాబట్టి, ఒకటి చివర్లో విరామానికి పోతుంది. లేకపోతే అనుపల్లవి చివరి షడ్జం మీద ఊపిరి పీల్చుకోకుండా మళ్ళీ పల్లవి మొదలై, తరిమినట్టు ఉంటుంది. ఇక చేతిలో ఉన్నది ఒకే ఒక్క స్వరం. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలి అన్నది తర్వాత చూద్దాం.

చరణం ఎలాగూ కుదరదు. అత్తయ్యకు ఇంకా చెప్పలేదు.

మంగళవారం, నొక్కడం

కొత్తగా కొట్టిన స్వరం దాని ముందు స్వరం నిడివిని తీసుకుంటుంది. వరసగా సమానమైన స్వరాలుంటే హాయి, ఒకసారి 8 కొట్టి ఊరుకుంటే మిగతావి వాటంతట అవే సరిపోతాయి. కానీ దీర్ఘం, హ్రస్వం, దీర్ఘం, హ్రస్వంగా నడిచే తిశ్రంలో అడుగడుక్కీ మార్చాలి. పల్లవి మొదటి వరస ఇలా: 3, తర్వాత 5 కొట్టి 8, తర్వాత 6 కొట్టి 9, మళ్ళీ 6 కొట్టి 8. నాలుగు స్వరాలకు ఏడు నొక్కులు. స్థాయి కూడా అంతే. మార్చిన స్థాయి ఆపై స్వరాలకూ అంటిపెట్టుకుని ఉంటుంది. పైకి ఒక నక్షత్రం చాలు, కిందికి దిగాలంటే మూడో స్థాయి చుట్టి రావాలి కాబట్టి రెండు.

తెర మీద మూడు వరసలే కనిపిస్తాయి. ఎక్కడున్నానో తప్పిపోకుండా కాగితం మీద ఒక్కో స్వరం కొట్టుకుంటూ పోయాను. టెంపో 100 పెట్టి ప్లే నొక్కాను.

వరస వచ్చింది. రాగం రాలేదు.

మధ్యమావతిలో రిషభం, నిషాదం ఊగాలి. కంపితం లేని రిషభం మధ్యమావతి రిషభం కాదని మా మాస్టారు చెప్పేవారు. ఈ బజర్‌కి ఊగడం రాదు. ఒక స్వరం మీద నిలబడుతుంది, తర్వాత ఇంకో స్వరం మీదికి దూకుతుంది. మధ్యలో దారి లేదు. ముప్పైరెండో భాగపు స్వరాలు మూడు నాలుగు దగ్గరగా కొట్టి నిషాదాన్ని ఊపడానికి ప్రయత్నించాను. రాత్రి పూట కీచురాయిలా అరిచింది. పైగా ఒక్క ఊపుకే నాలుగు స్వరాలు ఖర్చు. తీసేశాను.

రెండో ఇబ్బంది అంతకంటే ఆసక్తికరమైనది. మధ్యమావతినీ మోహననూ అవే ఐదు మీటలు పలికిస్తాయని ముందు సంబరపడ్డాను కదా, ఇప్పుడు అదే అడ్డం తిరిగింది. కచేరీలో వెనక తంబురా స ఏదో చెబుతూ ఉంటుంది. ఇక్కడ తంబురా లేదు, ఏది స అన్నది వినేవాళ్ళ చెవి ఊహించుకోవాల్సిందే. మూడో వరస చివర మంద్ర నిషాదం మీద ఆపి చూశాను. అదే స అనిపించి, విన్నదంతా మోహనగా మారిపోయింది. నాలుగో వరస కలిపి 2 మీద దిగగానే మళ్ళీ మధ్యమావతి. అంటే రాగాన్ని నిలబెడుతున్నది ఆ దిగడమే. ఎక్కడ దిగుతున్నామో చెవికి గట్టిగా తెలియాలి.

మిగిలిన ఒక్క స్వరం ఎక్కడ పెట్టాలో దీంతో తేలిపోయింది. పల్లవి రెండోసారి ముగిసేటప్పుడు, ఆఖరి షడ్జానికి ముందు ఒక చిన్న రిషభం అంటించాను, ముప్పైరెండో భాగం. రి నుంచి స మీదికి జారినట్టు వినపడుతుంది. ఆ ఒక్క జారుతోనే షడ్జం షడ్జంలా కూర్చుంది. యాభైకి యాభై నిండాయి.

నోకియా ట్యూన్‌ని కూడా ఈ చెవితో విన్నాను. స్పెయిన్ గిటారు విద్వాంసుడు ఫ్రాన్సిస్కో తారెగా 1902 నాటి వాల్ట్జ్ లోంచి తీసుకున్న ముక్క అది. పదమూడు స్వరాలే. అదీ మూడు దెబ్బల నడకే, చివరి స్వరం మీదికొచ్చి నిలుస్తుంది. పదమూడింటితో ప్రపంచమంతా గుర్తుపట్టేలా చేశారంటే నాకున్న యాభై తక్కువేం కాదు.

శనివారం, వినపడాలి కదా

మొదటి స్థాయిలో కొట్టినది గదిలో బాగానే ఉంది. ఫోన్ జేబులో పెట్టుకుని వంటింట్లో మిక్సీ వేస్తే మాత్రం వినపడలేదు. ఇంత చిన్న బజర్‌కి కింది స్వరాలు పలికే బలం ఉండదు, పైకి వెళ్ళేకొద్దీ గట్టిగా మోగుతుంది. రైతుబజారు గోలలో నాన్నకు వినపడాలంటే మొత్తం ఒక స్థాయి పైకి జరపాలి. అంటే రెండో స్థాయిలో మొదలై నిషాదానికి మూడో స్థాయికి. మొత్తం ఎత్తి జరిపే సౌకర్యం కంపోజర్‌లో లేదు, మళ్ళీ మొదటినుంచీ కొట్టాలి. కొట్టాను. టెంపో కూడా 112 చేశాను. ఆ అంకె నిమిషానికి ఎన్ని రెండు మాత్రల స్వరాలో చెబుతుంది. 112 దగ్గర ఒక మాత్ర సెకనులో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. డెబ్బైరెండు మాత్రలూ, విరామం కలిపి ఇరవై సెకన్లలోపే ఒక చుట్టు పూర్తవుతుంది.

పైస్థాయిలో తీపి తగ్గింది, నిజమే. చెవిలో సూదిలా ఉంటుంది. రింగ్‌టోన్‌కి తీపికంటే వినపడటం ముఖ్యం.

అత్తయ్యకు ఫోన్లో వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వరస మనదే. కానీ పాడుతున్నది ఎవరే, దోమా?" అంది. చరణం ఏదని అడిగింది. యాభై లెక్క చెప్పాను. "యాభై స్వరాల్లో హారతి ఎక్కడైనా అవుతుందా" అని పెట్టేసింది.

మరుసటి వారం, ఎస్ఎమ్ఎస్‌లో పాట

ఇంత కష్టపడి కొట్టింది ఫోన్ పాడైతే పోతుంది. పైగా నాన్న స్నేహితుడొకాయన దగ్గర ఇంకో పాత 3310 ఉందట, ఆయనకూ కావాలట. మళ్ళీ నొక్కే ఓపిక నాకు లేదు. కంప్యూటర్‌లో రాసి పంపే దారి చూశాను.

దీని కోసం నోకియా అప్పట్లోనే ఆర్‌టీటీటీఎల్ అనే పద్ధతి పెట్టింది. మామూలు అక్షరాల్లో రాసుకునే స్వరలిపి. ముందు పేరు, పది అక్షరాల లోపు. తర్వాత మామూలు నిడివి, స్థాయి, టెంపో. ఆపైన కామాలతో స్వరాలు. నోట్‌ప్యాడ్‌లో ఐదు నిమిషాల పని. అది ఫోన్‌కి చేరేది ఎస్ఎమ్ఎస్ గానే, కాకపోతే అక్షరాలుగా కాకుండా బిట్లుగా మారి. రింగ్‌టోన్ కోసం కేటాయించిన 5505 పోర్టుకి వస్తుంది కాబట్టి ఫోన్ దాన్ని మెసేజ్ అనుకోదు, టోన్ అని గుర్తుపడుతుంది.

లోపల ఎలా సర్దారో చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్కో స్వరానికి 12 బిట్లు. ఇది ఏ రకం ఆదేశమో చెప్పడానికి 3, ఏ స్వరమో చెప్పడానికి 4, నిడివికి 3, చుక్కకి 2. నాలుగు బిట్లలో పదహారు చోట్లుంటాయి, పన్నెండు స్వరస్థానాలూ ఒక విరామమూ అందులో సరిపోతాయి. స్థాయి మార్పుకి 5 బిట్లు. టెంపోకి ఐదే బిట్లు కాబట్టి 32 రకాలకు మించి ఉండవు. 100 తర్వాత 112, ఆ తర్వాత 125. మధ్యలో 120 కావాలన్నా దొరకదు.

మన హారతి: 50 స్వరాలకు 600 బిట్లు, ఎనిమిది స్థాయి మార్పులకు 40. మొత్తం 640 బిట్లు, అంటే 80 బైట్లు. పేరూ, టెంపో లాంటివి కలిపినా వంద దాటదు. ఒక ఎస్ఎమ్ఎస్‌లో 140 బైట్లు పడతాయి, పోర్టు వివరాలకు 7 పోయినా 133 మిగులుతాయి. ఒక్క ఎస్ఎమ్ఎస్‌లో మా ఇంటి హారతి పట్టేసి, ఇంకా చోటు మిగిలింది.

పాత యూఎస్‌బీ డాంగిల్‌లో సిమ్ వేసి, గామూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పంపాను. ఒక నెట్‌వర్క్ సిమ్ నుంచి పంపితే ఎక్కడికి పోయిందో పోయింది. ఇంకో సిమ్ నుంచి పంపితే నిమిషంలో 3310 కుయ్యిమంది. టోన్ వచ్చిందనీ, విని దాచుకోమనీ అడిగింది. దాచుకున్నాను. స్నేహితుడి ఫోన్‌కి కూడా వెళ్ళింది. ఆయనకు మధ్యమావతి గొడవలేమీ లేవు, "భలే మోగుతుందమ్మాయ్" అన్నారట.

ఇది చూసి మా బావ

అత్తయ్య కొడుకు దగ్గర నోకియా 6600 ఉంది. 2003 నాటిది. దానికి బజర్‌తో పని లేదు, రికార్డు చేసిన శబ్దాన్నే రింగ్‌టోన్‌గా పెట్టుకోవచ్చు. "అమ్మ గొంతే పెట్టేయొచ్చుగా" అన్నాడు. పెట్టేయొచ్చు. దాని బ్యాటరీ బీఎల్-5సీ, ఇప్పటికీ ఏ చిన్న కొట్టులోనైనా దొరుకుతుంది. ఆ ఒక్క కారణానికే ఆ ఫోన్లు ఇంకా బతుకుతున్నాయి.

పని చిన్నదే. అత్తయ్య రికార్డింగ్‌లో కుక్కర్ విజిల్ లేని ముప్పై సెకన్లు కోసి, ఏఎంఆర్‌గా మార్చాను. ఏఎంఆర్ ఫోన్ మాటల కోసం పుట్టిన పద్ధతి. సెకనుకు 8,000 నమూనాలు, ఒకే చానెల్. అత్యధిక నాణ్యత దగ్గర సెకనుకు 1,600 బైట్లు, ముప్పై సెకన్లకు 48,000. నలభై ఎనిమిది కిలోబైట్లు కూడా కాదు. మనిషి గొంతుకి కొలతలు తీసి కుట్టిన పద్ధతి కాబట్టి అందులో వాద్యాలున్న సినిమా పాట వేస్తే బురదలా వస్తుంది. తంబురా శ్రుతి వెనక పెట్టి చూశాను, బుసబుసమంది. తీసేసి ఒట్టి గొంతు మాత్రం ఉంచితే అత్తయ్య ఎదురుగా కూర్చుని పాడినట్టే ఉంది, రిషభం ఊపుతో సహా. పాత ఫోన్‌లో పాట పెట్టుకునేవాళ్ళకు నా సలహా ఇదే. వాద్యాలు ఎక్కువున్న చోటు వదిలేసి, గాయని ఒంటరిగా ఎత్తుకునే చోటు కోయండి.

బ్లూటూత్‌లో పంపితే 6600లో ఆ ఫైలు గ్యాలరీలోకి వెళ్ళదు, మెసేజ్ ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది. అక్కడ తెరిచి సేవ్ చేసుకోవాలి. బావ గ్యాలరీ అంతా వెతికి రాలేదని మళ్ళీ మళ్ళీ పంపించుకున్నాడు.

కార్తీకం, తెనాలి

నాన్నకు ఫోన్ ఇచ్చాను. 3310లో కాలర్ గ్రూపులుంటాయి, ఒక్కో గ్రూపుకి ఒక్కో టోన్. ఇంట్లోవాళ్ళనూ అత్తయ్యనూ ఫ్యామిలీలో వేసి హారతి పెట్టాను. మిగతావాళ్ళకు ఫోన్‌తో వచ్చిన టోన్లలో ఒకటి. ఇప్పుడు ఎవరు చేశారో జేబులోంచి తీయకుండానే తెలుస్తుంది.

వాడకంలో కొత్త చిక్కు. హారతి మోగితే నాన్న ఎత్తట్లేదు. అనుపల్లవి అయ్యేదాకా విని, చివరి షడ్జం పడ్డాక జేబులో చెయ్యి పెడుతున్నారు. ఆలోపు అవతలివాళ్ళు విసుగెత్తి పెట్టేస్తున్నారు. "మధ్యలో ఎలా ఆపనమ్మా" అంటారు. మొదట్లో అత్తయ్య అన్న మాటే ఇది, ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు మరి.

అందుకని ఇంకో టోన్ కొట్టాను. పల్లవి ఒక్కసారే, చిన్న రిషభంతో, చివర విరామం. పద్దెనిమిది స్వరాలు. టెంపో 125 చేస్తే ఆరేడు సెకన్లలో షడ్జం మీద దిగిపోతుంది, నాన్న ఎత్తడానికి వ్యవధి ఉంటుంది. పొడుగుది కూడా ఉంచాను, అలారంలా పనికొస్తుందేమో చూడాలి. సొంత టోన్లకు ఫోన్‌లో ఏడు చోట్లున్నాయి, ఇంకా ఐదు ఖాళీ. అత్తయ్య నిన్న ఫోన్ చేసి, చరణాన్ని విడిగా ఇంకో టోన్ చేసి చిన్నత్తయ్య నంబరుకి పెట్టమంది. రికార్డింగ్ పంపుతానంది, ఈసారి కుక్కర్ పెట్టకముందు.